టెన్త్ పాస్ శాతం చూసి స్కూల్ మార్చేస్తారా?

మొన్న గాజువాక నుంచి మా పిన్ని ఫోన్. పాస్ శాతాలు చూసి, పాపని కార్పొరేషన్ స్కూల్ మాన్పించేస్తానంటోంది. ఆగు పిన్నీ అన్నాను. పదిమంది రాసే స్కూల్లో ఒక్కరు తప్పితే పది శాతం పోతుంది, రెండొందల మంది ఉన్నచోట అర శాతమే. పైగా 35 వచ్చినా 95 వచ్చినా పాసే కదా!

జిల్లా లెక్క ఇంకా తిరకాసు. 2020, 2021లో కోవిడ్‌తో పరీక్షల్లేవు, అందరూ పాస్. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే మూడు ముక్కలైంది. పాడేరు, అరకు అల్లూరి జిల్లాకి, నర్సీపట్నం అనకాపల్లికి వెళ్లాయి. అంటే 2019 విశాఖని 2023 విశాఖతో పోల్చడం, వేరియబుల్ పేరు ఉంచి లోపల డేటా మార్చేసినట్టే.

తొమ్మిదిలో ఎంతమంది, టెన్త్ రాసింది ఎంతమంది, మూడేళ్ల మార్కులెంత? స్కూల్లో ఇవి అడగమన్నాను. పాప మాత్రం ఫ్రెండ్స్‌ని వదిలి రానంటోంది.