బొండము కొట్టు తీరు

కోనసీమవారికి బొండము కొట్టుట నేర్పబూనుట సాహసమే. అయినను, ఇంట కూరగాయల కత్తితో బొండము కొట్టబోయి వ్రేళ్లు కోసికొన్న కుఱ్ఱవాండ్రను పలుమారు చూచితిని గనుక ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మొదట కాయను చెవియొద్ద నూపి చూడవలెను. లేతకాయ నీటితో నిండియుండుటచే చప్పుడు కాదు. గలగలమన్నచో ముదిరినదని యెరుగునది. అరచేత నుంచుకొని కొట్టుట బొండములమ్మువానికి చెల్లును గాని మనకు తగదు. మొద్దుమీద నిలిపి, పట్టిన చేతిని క్రిందుగా నుంచి, ముచ్చికవైపు పీచును కొంచెము కొంచెముగా చెక్కవలెను. అచ్చట పెంకుమీద మూడు కన్నులు కనబడును. అందొకటి మెత్తన. కడిగిన చువ్వతో దానిని పొడిచిన చాలును. కత్తితో పెద్ద దెబ్బ వేయ బనిలేదు. నీరు వెంటనే త్రాగవలెను. గాలి సోకినచో ఎండవేళ త్వరగా పులియును. పిదప కాయను చీల్చి, డొక్కనుండి తీసిన చెక్కతోనే లేతకొబ్బరి గీచి తినవలెను. వెండి చెంచాకంటె నాకదియే ఇంపు.

రోగిని చూడబోవునపుడు బొండములు కొనిపోవుట మన మర్యాద. అందు మెలకువ వలయును. బొండము నీటిలో పొటాషియము విస్తారము. దేహమునకు మిగిలిన దానిని మూత్రపిండములు వెడలించును. అవి చెడినవారి రక్తమున అది పేరుకొని, గుండె లయ తప్పించి, ప్రాణమునకే ముప్పు తెచ్చును. అట్టివారికి వైద్యుని యడుగక బొండము త్రాగింపరాదు. విరేచనములతో సొమ్మసిల్లినవారికి సైతము ఇది చాలదు. అందు ఉప్పు తక్కువ. వారికి ముందుగా నీయవలసినది ఓ.ఆర్.ఎస్. పొడి కలిపిన నీరు. బొండము ఆ తరువాత.