తాడు నిచ్చెన

తాడు నిచ్చెన అనగా రెండు నిలువు తాళ్ళ మధ్య కర్రలను సమాన దూరాలలో అడ్డంగా కట్టి తయారు చేసిన నిచ్చెన. దీనిని తాళ్ళ నిచ్చెన అని కూడా అంటారు. వెదురు నిచ్చెన, ఇనుప నిచ్చెనల వలె ఇది గోడకు ఆని నిలబడదు, పైనుండి వ్రేలాడుతుంది. పని పూర్తి అయిన పిదప చుట్టచుట్టి ఒక మూల పెట్టుకొనవచ్చును. ఓడలలోను, గుహల అన్వేషణలోను, కొండతేనె సేకరణలోను దీని వాడుక కలదు. పిల్లలకు ఇది మంచి ఆటవస్తువు. తాడు, అయిదు కర్రలు, గట్టి చెట్టుకొమ్మ ఉన్నచో నిచ్చెనను ఒక పూటలో కట్టవచ్చును. అయితే తాడు బలమైనది అయినంత మాత్రాన నిచ్చెన సురక్షితమని చెప్పలేము. మెట్ల మధ్య దూరం, క్రింది కొసల బిగింపు, నిచ్చెన క్రింది నేల అనే మూడు విషయాలపై పిల్లల క్షేమం ఆధారపడి ఉంటుంది.

వివిధ రంగాలలో వాడుక

ఓడలలో వాడే తాడు నిచ్చెనకు "జాకబ్ నిచ్చెన" అని పేరు. బైబిలులోని ఆదికాండంలో యాకోబు కలలో చూసిన, భూమికి స్వర్గానికి మధ్య నిలిచిన నిచ్చెనను బట్టి ఈ పేరు వచ్చింది. విశాఖపట్నం వంటి రేవులకు పెద్ద ఓడ వచ్చినపుడు, దానిని లోపలికి నడిపించే పైలట్ చిన్న పడవలో ఎదురు వెళ్ళి, ఓడ ప్రక్కన వ్రేలాడదీసిన నిచ్చెన మీదుగా పైకి ఎక్కుతాడు. ఈ పైలట్ నిచ్చెనకు అంతర్జాతీయ నిబంధనలు కలవు. వాటి ప్రకారం మెట్ల మధ్య దూరం 310 నుండి 350 మి.మీ. వరకు, నిలువు తాళ్ళ మధ్య ఖాళీ కనీసం 400 మి.మీ. ఉండవలెను. నిచ్చెన మెలి తిరగకుండా మధ్య మధ్య కనీసం 1.8 మీటర్ల పొడవు గల పొడవాటి మెట్లను కూడా అమర్చుతారు.

నేపాల్ దేశపు గురుంగ్ తెగవారు కొండచరియలకు పట్టిన తేనెను వెదురు నారతో అల్లిన నిచ్చెనల పైనుండి సేకరిస్తారు. నల్లమల అడవులలోని చెంచులు కూడా కొండతేనె కోసం తాళ్ళ సాయంతో చరియలపైకి దిగుతారు. ఫ్రాన్స్ దేశంలో 1930 ప్రాంతంలో రొబేర్ ద జోలీ అనే గుహాన్వేషకుడు తాళ్ళకు బదులు సన్నని ఉక్కు తీగలు, కర్రలకు బదులు తేలికైన లోహపు గొట్టాలు వాడి గుహలలోనికి దిగే నిచ్చెనను రూపొందించాడు.

నిచ్చెన ఊగుటకు కారణం

తాడు నిచ్చెన ఎక్కడం మామూలు నిచ్చెన ఎక్కడం కంటె కష్టం. వ్రేలాడే వస్తువు యొక్క గరిమనాభి, దానిని వ్రేలాడదీసిన బిందువుకు సరిగా క్రిందికి రావడానికి ప్రయత్నిస్తుంది. పిల్లవాడు మెట్టుపై పాదం మోపి నెట్టగానే మెట్టు ముందుకు జరుగుతుంది, నడుము వెనుకకు పోతుంది. అప్పుడు శరీరం వెల్లకిలా వాలి, బరువంతా చేతులపై పడుతుంది. చేతులు అలసినచో పట్టు వదిలి వీపు మీదుగా పడే అవకాశం కలదు.

గుహలలోనికి దిగే అనుభవజ్ఞులు నిచ్చెనకు ఎదురుగా కాక, దాని అంచును కాళ్ళ మధ్య ఉంచుకొని, ఒక పాదాన్ని ఇవతలి నుండి, రెండవ పాదాన్ని అవతలి నుండి మెట్లపై మోపుతారు. దీనివలన శరీరం నిచ్చెనకు దగ్గరగా నిలువుగా ఉంటుంది. పిల్లల నిచ్చెన విషయంలో ఇంతకంటె సులభమైన ఉపాయం, క్రింది కొసలను నేలలో గట్టిగా బిగించడం. తాళ్ళు పైన, క్రింద బిగుసుకొని ఉన్నపుడు మెట్టు ముందుకు జరగదు. తాడు వదులై మెడకు చుట్టుకునే ప్రమాదం కూడా తగ్గుతుంది.

మెట్ల మధ్య దూరం

ఇది అన్నింటిలో ముఖ్యమైన కొలత. చిన్నపిల్లలకు మెట్లు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్కడం సులువని పెద్దలు అనుకొనడం సహజం. కాని ఇందులోనే ప్రమాదం ఉన్నది. పిల్లలు ఏదైనా సందులో దూరినపుడు తరచుగా కాళ్ళు ముందుగా పోతాయి. సందు మరీ చిన్నదైనచో శరీరం అసలే దూరదు. బాగా పెద్దదైనచో శరీరంతో పాటు తల కూడా బయటకు వస్తుంది. ఈ రెండింటికి నడుమ ఉన్న సందులో శరీరం దూరి, తల ఇరుక్కుపోతుంది. కాళ్ళకు ఆధారం లేక బిడ్డ మెడపై వ్రేలాడవలసి వస్తుంది. ఇది ప్రాణాపాయం.

అమెరికా దేశపు వినియోగదారు ఉత్పత్తుల భద్రతా సంఘం ఆటస్థలాలకు ఇచ్చిన సూచనలలో ఈ ప్రమాదకరమైన సందు కొలతను 3.5 నుండి 9 అంగుళాలుగా, అనగా సుమారు 9 నుండి 23 సెం.మీ.గా పేర్కొన్నది. ఒక మెట్టు మధ్యభాగం నుండి తరువాతి మెట్టు మధ్యభాగానికి 30 సెం.మీ. ఉంచి, 3.5 సెం.మీ. లావు కర్రలు వాడినచో నడుమ ఖాళీ 26.5 సెం.మీ. వస్తుంది. ఇది సురక్షితం. అదే దూరాన్ని 25 సెం.మీ.కు తగ్గించినచో ఖాళీ 21.5 సెం.మీ. అయి, ప్రమాదకరమైన కొలతలోనికి వస్తుంది. కనుక 30 సెం.మీ. మెట్టు అందని బిడ్డ కోసం దూరం తగ్గించరాదు. ఆ బిడ్డ పెరిగే వరకు ఆగవలెను. అయిదేళ్ళ లోపు పిల్లలకు తాడు నిచ్చెన తగినది కాదు.

కావలసిన వస్తువులు

* తాడు: 14 నుండి 16 మి.మీ. మందం గలది, 13 మీటర్లు
* కర్రలు: 50 సెం.మీ. పొడవు, 3 నుండి 3.5 సెం.మీ. లావు గలవి, 5
* గట్టి పురికొస
* పాత గోనెపట్టా లేక సైకిలు టైరు ముక్కలు
* నేలలో పాతడానికి మీటరు పొడవు గల దుంగ
* ఇసుక

తాడు ఎంపిక: ఇంత మందమైన తాడు బలం కోసం కాదు, పట్టు కోసం. 14 మి.మీ. మనీలా తాడు కొత్తగా ఉన్నపుడు తెగడానికి వెయ్యి కిలోగ్రాములకు పైగా బరువు కావలెను. ముడి వేసిన చోట తాడు బలం సగం వరకు తగ్గినా పిల్లల బరువుకు అది చాలును. కాని సన్నని తాడు చిన్న చేతికి పట్టు దొరకదు, అరచేతిని కోస్తుంది, తేలికగా ఉచ్చుగా మారుతుంది.

మనీలా తాడు ఫిలిప్పైన్స్ దేశంలో పెరిగే అబాకా అనే ఒక రకపు అరటి నారతో చేసినది. పట్టుకు, ముడికి బాగుంటుంది. కొబ్బరి పీచు తాడు తడికి త్వరగా కుళ్ళదు, కాని గరుకుగా ఉండి చేతులను ఒరిపిస్తుంది. జనుము, గోగునార తాళ్ళు తడిసి ఆరుతూ ఉన్నచో లోపలినుండి పుచ్చిపోతాయి. నూలు తాడు మెత్తనిది, కాని అదికూడా వానకు చివుకుతుంది. నైలాన్ తాడు బలమైనది, కాని బరువుకు సాగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు చవకైనది, తడికి చెడదు. అయితే నునుపుగా ఉండుట వలన ముడులు జారతాయి, ఎండకు క్రమంగా పెళుసెక్కుతుంది.

కర్రల ఎంపిక: టేకు, వేప వంటి గట్టి కర్ర గాని, గుల్ల లేని ముదురు వెదురు గాని వాడవచ్చును. కణుపులు ఉబ్బుగా ఉన్నచో చెక్కివేసి, గరుకు కాగితంతో నునుపు చేయవలెను. పీవీసీ గొట్టాలు వాడరాదు. అవి జారతాయి, ఎండకు పెళుసై హఠాత్తుగా విరుగుతాయి.

తాడు పొడవు లెక్క

నిచ్చెనను నేల నుండి 240 సెం.మీ. ఎత్తులో ఉన్న కొమ్మకు కట్టాలనుకుంటే, ఒక్కొక్క నిలువు తాడుకు కావలసిన పొడవు ఇట్లుండును.

* కొమ్మ నుండి నేల వరకు: 240 సెం.మీ.
* అయిదు కర్రల ముడులకు, ముడికి 30 సెం.మీ. చొప్పున: 150 సెం.మీ.
* కొమ్మకు చుట్టి కట్టడానికి: 150 సెం.మీ.
* నేలలోని దుంగకు కట్టడానికి: 80 సెం.మీ.

మొత్తం 620 సెం.మీ. కొంత అదనంగా చేర్చి ఆరున్నర మీటర్లు తీసుకొనవలెను. రెండు తాళ్ళకు 13 మీటర్లు అవుతుంది. ముడులకు పట్టే తాడును లెక్కించక నిచ్చెన ఎత్తుకు సరిపడా మాత్రమే కొనడం వలన తాడు చాలక అతుకు వేయవలసి వస్తుంది. పిల్లల నిచ్చెనలో అతుకు ఉండరాదు.

తయారు చేసే విధానం

1. తాడును రెండు సమభాగాలుగా కోయవలెను. నార తాడు కొసలను పురి విడిపోకుండా పురికొసతో చుట్టి కట్టవలెను. నైలాన్, పాలీప్రొపిలీన్ తాళ్ళ కొసలను మంటకు చూపి కరిగించి అతికించవచ్చును. ఇది పెద్దలు చేయవలసిన పని.

2. ప్రతి కర్రకు రెండు కొసల నుండి 5 సెం.మీ. లోపల చుట్టూ లోతు తక్కువ గాడి చెక్కవలెను. ముడి ఈ గాడిలో కూర్చుంటుంది. గాడి లోతైనచో కర్ర అక్కడే విరుగుతుంది.

3. రెండు తాళ్ళను నేలపై 40 సెం.మీ. ఎడంగా పరచి, పైనుండి క్రిందకు కర్రల స్థానాలను బొగ్గుతో గాని సుద్దతో గాని గుర్తించవలెను. ముడులకు పట్టే పొడవును మరువరాదు. ఒక్కొక్క ముడి వేసిన తరువాత కొలిచి, తరువాతి గుర్తు పెట్టుకొనడం మేలు.

4. కర్రలను క్లోవ్ హిచ్ అనే ముడితో కట్టవలెను. స్కౌట్ శిక్షణలో మొదట నేర్పే ముడులలో ఇది ఒకటి. తాడును కర్ర చుట్టూ ఒకసారి త్రిప్పి, మొదటి చుట్టును ఏటవాలుగా దాటించి రెండవ చుట్టు చుట్టి, కొసను ఆ రెండవ చుట్టు క్రింద దూర్చి లాగవలెను. ముడి సరిగా పడినచో కర్రపై ప్రక్కప్రక్కన రెండు చుట్లు, వాటిపై ఏటవాలుగా ఒక పేట కనిపిస్తాయి.

5. కర్ర తిరిగినపుడు, బరువు మాటిమాటికి మారినపుడు ఈ ముడి వదులయ్యే గుణం కలది. కర్ర జారిపోయినచో ముడి పూర్తిగా ఊడిపోతుంది. కావున ప్రతి ముడికి ఎగువన, దిగువన తాడును కర్రతో కలిపి పురికొసతో గట్టిగా చుట్టి కట్టవలెను.

6. నేల నుండి 30, 60, 90, 120 సెం.మీ. ఎత్తులలో నాలుగు మెట్లు వచ్చునట్లు చూడవలెను. అయిదవ కర్ర 210 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. ఇది మెట్టు కాదు, చేతులతో పట్టుకొనుటకు ఉద్దేశించినది. నాలుగవ మెట్టుకు, దీనికి మధ్య 90 సెం.మీ. ఉండుట వలన పిల్లలు దీనిపై కాలు మోపడం కష్టం. తాళ్ళు దగ్గరకు ముడుచుకొనకుండా కూడా ఇది కాపాడుతుంది.

వ్రేలాడదీయుట

వేప, చింత, మామిడి వంటి గట్టి చెట్టుకు, కనీసం 15 సెం.మీ. లావు గల పచ్చి కొమ్మను ఎన్నుకొనవలెను. మునగ కొమ్మ పెళుసు కనుక పనికిరాదు. ఎండిన కొమ్మకు, తొర్ర ఉన్న కొమ్మకు కట్టరాదు. బోదెకు 180 సెం.మీ. దూరంలో కట్టినచో పడేటప్పుడు పిల్లలు బోదెకు తగలరు. ముందుగా కొమ్మకు గోనెపట్టా గాని టైరు ముక్క గాని చుట్టవలెను. ఇది బెరడును, తాడును కూడా ఒరిపిడి నుండి కాపాడుతుంది. తాడును కొమ్మ చుట్టూ రెండుసార్లు త్రిప్పి, కొసతో రెండు ముడులు వేసి బిగించవలెను. రెండు తాళ్ళ మధ్య కొమ్మపైన కూడా 40 సెం.మీ. ఉండవలెను. కొమ్మ లావెక్కుతుంది కనుక ఈ కట్టును ఏటా విప్పి మరల కట్టవలెను. లేనిచో తాడు బెరడులో దిగి కొమ్మ చెడుతుంది.

క్రింద సుమారు 45 సెం.మీ. లోతు గొయ్యి తీసి, దుంగను అడ్డంగా పెట్టి, రెండు కొసలను దానికి బిగించి, మట్టి దిమ్మిస కొట్టవలెను. దుంగ గాని, ముడి గాని నేలపైకి కనిపించరాదు. ఆ తరువాత ఇద్దరు పెద్దలు ఒక్కొక్క మెట్టుపై నిలబడి చూసి, ముడులు జారలేదని నిర్ధారించుకొన్న తరువాతనే పిల్లలను ఎక్కనివ్వవలెను.

నిచ్చెన క్రింది నేల

పచ్చిక గాని, మామూలు మట్టి నేల గాని పడిన బిడ్డను కాపాడలేవు; వాడకం వలన అవి త్వరలోనే గట్టిపడతాయి. పైన చెప్పిన సంఘం సూచనల ప్రకారం 9 అంగుళాల (సుమారు 23 సెం.మీ.) మందంగా పరచిన వదులు ఇసుక 4 అడుగుల (సుమారు 120 సెం.మీ.) ఎత్తు నుండి పడినవారికి రక్షణ ఇస్తుంది. నాలుగవ మెట్టును 120 సెం.మీ. వద్ద ఆపుటకు కారణం ఇదే. ఇసుక నిచ్చెనకు అన్ని వైపుల 180 సెం.మీ. దూరం వరకు ఉండవలెను. సుమారు 4 మీటర్ల చదరానికి దాదాపు 3.7 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది. తాడు, కర్రల కంటె దీనికే ఎక్కువ ఖర్చు కావచ్చును. అయినను దీనిని మానరాదు. అంత ఇసుక వేయలేనిచో ఆ మేరకు మెట్లు తగ్గించుకొనవలెను. వానకు, తొక్కిడికి ఇసుక గట్టిపడుతుంది కనుక అప్పుడప్పుడు తవ్వి గుల్ల చేయవలెను.

జాగ్రత్తలు

* ఒకసారి ఒక్కరే ఎక్కవలెను.
* ఎక్కేముందు చున్నీ, మెడలోని తాయెత్తు తాడు, బడి గుర్తింపు కార్డు తాడు తీసివేయవలెను. సైకిలు హెల్మెట్ కూడా తీసివేయవలెను. అది సందులో ఇరుక్కొని తలను బయటకు రానివ్వదు.
* నిచ్చెనకు అదనపు తాళ్ళు, ఉయ్యాల, దుప్పటి వంటివి కట్టరాదు.
* వాన కురిసిన వెంటనే ఎక్కనివ్వరాదు.
* పెద్దవారు ఒకరు దగ్గర ఉండవలెను.

తనిఖీ

నార తాడు పైకి బాగున్నా లోపల పుచ్చి ఉండవచ్చును. నెలకొకసారి తాడు పురిని రెండు చేతులతో వ్యతిరేక దిశలలో త్రిప్పి, పేటలను విప్పి చూడవలెను. లోపల పొడి రాలినా, నల్లబడినా, ముక్క వాసన వచ్చినా ఆ తాడును తీసివేయవలెను. ప్లాస్టిక్ తాడు పైపోగులు గోటితో గీరినపుడు పొడిగా రాలినచో అది ఎండకు చెడినదని గుర్తించవలెను. ముడులు, కొమ్మ వద్ద ఒరిపిడి, నేలలోని బిగింపు, కర్రల పగుళ్ళు కూడా చూడవలెను. వానాకాలం ముగిసిన తరువాత పూర్తి తనిఖీ తప్పనిసరి. తీసివేసిన తాడును పిల్లలకు అందుబాటులో ఉంచరాదు. వారు దానితో మరొక నిచ్చెన కట్టుకొనే అవకాశం కలదు.

ఇవి కూడా చూడండి

* నిచ్చెన
* తాడు
* ముడి
* ఉయ్యాల
* కొబ్బరి పీచు