పబేడాన్ సందడి దాటి... కలావ్ కొండలకు

యాంగోన్: కోరింగ రేవులో ఓడెక్కిన మన పాతతరం వాళ్లలో చాలామందికి బర్మా అంటే రంగూనే. రేవులో బరువులు మోయడం, మిల్లుల్లో చెమటోడ్చడం, నాలుగు డబ్బులు ఇంటికి పంపడం... ఇంతే. ఆ నగరం నడిబొడ్డున ఉన్న పబేడాన్‌లో భారతీయ ఛాయలు నేటికీ కనిపిస్తాయి. ఓ వీధిలో కాళికాలయం, మరో వీధిలో మసీదు, ఇంకో వీధిలో యూదుల ప్రార్థనా మందిరం. బోజో మార్కెట్ సంగతి సరేసరి! ఈ హడావుడికి దూరంగా బర్మాలో ఇంకో ప్రపంచం ఉంది. అదే షాన్ కొండల్లోని కలావ్ పట్టణం.

సుమారు 4,300 అడుగుల ఎత్తు, చుట్టూ పైన్ చెట్లు. ఎండలు తట్టుకోలేక బ్రిటిష్ దొరలు వేసవి విడిదిగా మలుచుకున్న ఊరిది. రైలుమార్గం పనులకొచ్చిన భారతీయుల వారసులు ఇక్కడే స్థిరపడ్డారు. థాజీ నుంచి రైలు ముందుకీ వెనక్కీ నడుస్తూ కొండెక్కేలా ఆనాడే పట్టాలు వేశారు. అరకు రైలు ఎక్కినవాళ్లకు ఆ ముచ్చటేమిటో వేరే చెప్పక్కర్లేదు.

అసలు మజా నడకలో ఉంది. కలావ్ నుంచి ఇన్లే సరస్సుకు రెండు, మూడు రోజుల కాలిదారి. 2010 తర్వాత విదేశీ యాత్రికులు స్థానిక గైడ్ వెంట ఈ దారి పట్టేవారు. దారిలో అల్లం, మిరప చేలు, డాను, పావో తెగల పల్లెలు. రాత్రికి ఏ రైతు ఇంట్లోనో పడక, వాళ్లు వండిందే భోజనం. చివర్లో పడవెక్కితే కాలితో తెడ్డు వేసే ఇంథా జాలర్లు, నీటిపై తేలే టమాటా తోటలు! యాత్రికుడిచ్చే డబ్బు ఆ గైడుకీ, ఆ ఇల్లాలికీ చేరేది.

ఆ రాబడికే దెబ్బ తగిలింది. 2020లో కరోనా. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక షాన్ రాష్ట్రంలోనూ పోరు ముదిరింది. 2025 మార్చి 28 నాటి భూకంపం ఇన్లే ఊళ్లలో ఇళ్లు కూల్చింది.

అందుకే వెళ్లాలనుకునేవారు తొందరపడొద్దు. మన రాయబార కార్యాలయం సూచనలు చూడండి. యాంగోన్‌లో బంధువులుంటే వాకబు చేయండి. స్థానిక గైడ్ లేకుండా అడుగు వేయొద్దు. కొండలెక్కడికీ పోవు. పరిస్థితి కుదుటపడ్డాక మాత్రం పెద్ద హోటల్ కాకుండా పల్లె ఇంట్లో బస చేయండి. మీరిచ్చే నాలుగు డబ్బులు అక్కడ ఒక ఇంటిని మళ్లీ నిలబెడతాయి.