ఫోన్‌లో పాఠం... పసిబిడ్డ దగ్గర పరీక్ష

పుట్టి వారమైన పసికందు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? 60 లేదా అంతకంటే ఎక్కువ లెక్కకొస్తే మరోసారి లెక్కపెట్టాలి. అప్పుడూ అంతే ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. ‘బిడ్డ డొక్కలు ఎగరేస్తోంది’ అని ఇంట్లోవాళ్లు కంగారుపడే దాకా రాకముందే పట్టుకోవాల్సిన ప్రమాదం ఇది. చాలా ఊళ్లలో ఆ లెక్క వేసేది డాక్టర్ కాదు, ఆశా కార్యకర్త!

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో ఇప్పుడు దేశమంతా కలిపి దాదాపు 10 లక్షల మంది ఉన్నారు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వీళ్లు బాలింత ఇంటికి వెళ్లాలి. బిడ్డ బరువు తూచాలి, జ్వరం చూడాలి, పాలు పట్టే తీరు చెప్పాలి. ఇలాంటివన్నీ నేర్పే 6, 7 మాడ్యూళ్లకే నాలుగు విడతల్లో 20 రోజుల శిక్షణ పెట్టారు.

నేర్చుకున్నవి మర్చిపోకూడదు, కొత్తవి తెలుసుకోవాలి. అలాగని ఇంతమందిని మాటిమాటికీ ట్రైనింగ్ హాలుకు పిలవలేరు కదా! ఊరొదిలి వస్తే అక్కడ పని ఆగిపోతుంది. అందుకే శిక్షణ ఫోన్‌లోకి వచ్చింది.

కాల్ చేస్తే క్లాస్

ఇందులో నాకు బాగా నచ్చింది ‘మొబైల్ అకాడమీ’. ఇది యాప్ కాదు, ఫోన్ కాల్. బీబీసీ మీడియా యాక్షన్ 2012లో బిహార్‌లో మొదలుపెట్టింది. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ స్థాయికి తెచ్చింది. 11 అధ్యాయాలు, ఒక్కోదాంట్లో నాలుగు పాఠాలు, చివర్లో క్విజ్. మొత్తం 240 నిమిషాలు. డాక్టర్ అనిత అనే పాత్ర ఫోన్‌లో మాట్లాడుతూ పాఠం చెబుతుంది. డేటా అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, కాల్ ఉచితం. మధ్యలో పనిపడితే పెట్టేసి, తర్వాత అక్కడి నుంచే వినొచ్చు.

మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లం ముందు యాప్ కట్టి, ఆ తర్వాత వాడేవాళ్ల కోసం వెతుకుతాం. వీళ్లు ముందు ఆశా చేతిలో ఏ ఫోన్ ఉందో చూశారు. అసలు తెలివి అదే.

కోవిడ్ వచ్చాక 2020లో దీక్షా వేదిక మీద ఐగాట్ కోర్సులు వచ్చాయి. వీడియోలో చూపిస్తే మాటల్లో చెప్పడం కంటే బాగా అర్థమవుతుంది. కానీ దానికి మంచి ఫోన్, సిగ్నల్, డేటా అన్నీ కావాలి.

సర్టిఫికెట్ వస్తే పని వచ్చినట్టేనా?

ఇక్కడే తిరకాసు. ‘60 దాటితే ప్రమాదం’ అని క్విజ్‌లో టిక్ పెట్టడం తేలికే. బిడ్డ కాళ్లు ఆడిస్తూ ఏడుస్తుంటే, నిద్రపోయే దాకా ఆగి, పొట్ట కదలికను చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టడం వేరు. అది పక్కన ఒకరుండి చేయిస్తేనే వస్తుంది. డాష్‌బోర్డులో ‘100 శాతం పూర్తి’ అని పచ్చగా కనిపించినా, చేతికి పని వచ్చిందో లేదో అది చెప్పదు.

ఇంకోటి, సందేహం వస్తే తిరిగి అడిగే వీలుండాలి. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ‘ఎకో’ పద్ధతి బలం అదే. దూరంగా ఉన్న సిబ్బంది తమకు ఎదురైన కేసునే వీడియోలో నిపుణుల ముందు పెడతారు. అందరూ కలిసి చర్చిస్తారు. ఈ పద్ధతి మన దేశానికీ వచ్చింది.

కాబట్టి ఆన్‌లైన్ వద్దని కాదు. గుర్తుచేయడానికి ఫోన్, చేయించడానికి ఏఎన్ఎం, అడగడానికి డాక్టర్... మూడూ ఉండాలి. కోర్సుకు పట్టే గంటల్ని కూడా పనిగంటలుగా లెక్కగట్టాలి. ఇంటి పనంతా అయ్యాక రాత్రి పదింటికి వినే పాఠం ఎంతవరకు బుర్రకెక్కుతుంది?

మనం చేయగలిగిందీ ఒకటుంది. మీ ఇంటికొచ్చిన ఆశా అక్క ఫోన్‌లో కోర్సు తెరుచుకోక తంటాలు పడుతుంటే, పక్కన కూర్చుని ఓ రెండు నిమిషాలు చూడండి. స్టోరేజ్ నిండిపోయిందేమో, అప్‌డేట్ అడుగుతోందేమో. మీకది చిటికెలో పని. ఆమెకు అక్కడ ఆగిపోయిన పాఠం, రేపు ఏదో ఇంట్లో ఓ పసిబిడ్డకు అవసరమైనదే కావొచ్చు.