బీచుపల్లి రేవులో మునిగిన వాచీ

2016 ఆగస్టు, కృష్ణా పుష్కరాలు. బీచుపల్లి రేవు మెట్ల మీద కాలు మోపే సందు లేదు. తెల్లవారుజామున మూడు మునకలేసి ఒడ్డెక్కి, ఆంజనేయస్వామి దర్శనం వరుసలో నిలబడి చెయ్యి చూసుకున్నాను. వాచీ అద్దం లోపల సన్నటి ఆవిరి. గుండె గుభేలుమంది. రెండు నెలల కిందటే, రిటైరైన డబ్బులోంచి డెబ్బై వేలు తీసి హైదరాబాద్‌లో కొన్న స్విస్ వాచీ అది. వంద మీటర్ల వరకు నీళ్లు చొరవంటూ వెనక మూత మీద చెక్కి ఉంది. నేను దిగింది నడుము లోతు.

తప్పు వాచీది కాదు, నాదే. ఇటువంటి వాచీకి చావిలోనే మర ఉంటుంది. చావి ఇచ్చాక దాన్ని తిప్పి బిగించాలి. స్నానం తొందరలో నేను బిగించలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాడి నిర్వాకం అది.

ఈ మర చావిని లోకానికి అలవాటు చేసింది 1926 నాటి రోలెక్స్ ఆయిస్టర్. మరుసటి ఏడాది అక్టోబరులో మెర్సెడీస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఆ వాచీని మెడకు వేసుకుని ఇంగ్లిష్ చానెల్‌లో దిగింది. చలికి ఆ ఈత పూర్తి కాలేదు. పది గంటలకు పైగా నీళ్లలో ఉన్న వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. ఆమె చావి సరిగ్గా బిగించుకుని ఉంటుంది.

మీ వాచీ మీద 30 మీటర్లు అని ఉంటే దాన్ని నమ్మి బావిలో దూకకండి. చేతులు కడుక్కుంటే, వాన చినుకులు పడితే ఏమీ కాదని దాని అర్థం, అంతే. లోపలి రబ్బరు వాషర్లకూ వయసు మీద పడుతుంది.

ఇంటికొచ్చాక మా ఇంటావిడ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టమంది. పెట్టాను. అదీ తప్పే. బియ్యం పైతేమను పీల్చుతుందేమో గానీ, లోపలి ఉక్కుకు తుప్పు పట్టకుండా ఆపలేదు. మర్నాడు పొద్దున్నే ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి గద్వాల బస్సెక్కాను.

గద్వాలలో నేను వెళ్లేది ఒక్కచోటికే. బట్టల దుకాణం అరుగు మీద అద్దాల డెస్కు, దాని వెనక చాచా. ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లను నేను చూడలేదు. మా నాయిన హెచ్‌ఎంటీ జనతా వాచీని నలభై ఏళ్లుగా విప్పి బిగిస్తున్నది ఆయనే. కంటికి లూపు తగిలించుకుని కొత్త వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సారూ, కృష్ణమ్మల మీతోని పాటు దీనిక్గూడ తానం చేయించిన్రా?"

అక్కడికక్కడే మూత తీసి, మిషను బయటికి తీసి, బల్బు వెచ్చదనంలో ఆరబెట్టాడు. తుప్పు చావి దగ్గరి స్ప్రింగు మీద అప్పుడే మొదలైంది. ఆయన చేత్తో అంతవరకే. "తెరిచిన గని, మూసినంక నీళ్లు ఆపే జిమ్మేదారి నాది గాదు. దీని వాషర్లు నా దగ్గర లెవ్వు, ప్రెషర్ చూసే మిషనూ లేదు. పట్నం పోండ్రి" అన్నాడు. పట్నంలో వాచీ మూడు నెలలు ఉంది. బిల్లు పద్దెనిమిది వేల ఐదొందలు. ఆ డబ్బుతో మా నాయిన వాచీని చాచా దగ్గర నలభైసార్లు సర్వీసు చేయించవచ్చు.

ఆ జనతా గురించి చెప్పాలి. మా నాయిన గద్వాల నేతగాడు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే పని. పొద్దున మగ్గం గుంతలో దిగేముందు వాచీకి చావి ఇచ్చి, దెబ్బ తగలకుండా మగ్గం గుంజ మేకుకు తగిలించేవాడు. ఆ రోజుల్లో అల్లుడికి హెచ్‌ఎంటీ పెడితే మర్యాద దక్కినట్టే. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ కార్ఖానా వాచీ కోసం జనం నెలల తరబడి ఎదురుచూసేవారు. తర్వాత బ్యాటరీ వాచీలొచ్చాయి. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో కంపెనీతో కలిసి వాచీలు చేసింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016 జనవరిలో ఒప్పుకుంది. నా స్విస్ వాచీ నీళ్లు తాగింది కూడా ఆ ఏడే.

బీచుపల్లి గురుకులంలో పనిచేసినప్పుడు ఆ జనతాను క్లాసుకు తీసుకెళ్లేవాణ్ని. (మా పాలమూరులో బీచుపల్లి ఊరి పేరే కాదు, మనిషి పేరు కూడా. హాజరు పిలిస్తే ప్రతి క్లాసులో కనీసం ఒక బీచుపల్లి పలికేవాడు.) చెవి దగ్గర పెట్టుకుని సెకనుకు ఎన్ని టిక్కులో లెక్కపెట్టమనేవాణ్ని. ఐదు. గంటకు 18,000. రోజుకు 4,32,000. నేను కొన్న స్విస్ వాచీ సెకనుకు ఎనిమిదిసార్లు కొట్టుకుంటుంది. లోపల జరిగేది తేలికైన సంగతే. చుట్టిన స్ప్రింగు విప్పుకోవాలని చూస్తుంది. పళ్ల చక్రాలు ఆ బలాన్ని మోసుకొస్తాయి. చివర ఉన్న చిన్న కొక్కెం ఒక్కో పన్ను చొప్పున వదులుతుంది. ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం. దాన్ని ప్రతిసారీ వెనక్కి లాగేది తలవెంట్రుకలాంటి మరో స్ప్రింగు. టిక్కు అంటే ఆ కొక్కేనికీ పన్నుకూ జరిగే ఢీ.

జనతా మీద '17 జ్యుయల్స్' అని చూసి, లోపల పదిహేడు కెంపులున్నాయి, అమ్ముకుంటే ఎకరం వస్తుందా అని అడిగిన పిల్లవాడొకడు ఉండేవాడు. అవి కెంపులే, కానీ మనిషి తయారుచేసినవి. ఫ్రాన్సుకు చెందిన వెర్నాయ్ 1902లో ఆ పద్ధతి బయటపెట్టాడు. ఇరుసులు అరిగిపోకుండా వాటి మీద తిరుగుతాయి, అంతే. వాడు చాలా నిరాశపడ్డాడు.

మా ఎండల మాట వస్తే గియోమ్ గుర్తొస్తాడు. వేడికి ఆ సన్న స్ప్రింగు పట్టు సడలితే వాచీ వెనకబడుతుంది. ఉష్ణోగ్రత మారినా అంతగా మారని నికెల్-ఉక్కు మిశ్రమాలను కనిపెట్టి షార్ల్ ఎడ్వార్ గియోమ్ 1920లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నాడు. ఆయన తండ్రి వాచీల పనివాడు. పాలమూరు మే నెలలో నా వాచీ నిలకడగా నడుస్తోందంటే ఆ తండ్రీకొడుకులకు కొంత రుణపడి ఉన్నట్టే.

ఎండ కంటే ఇప్పుడు అయస్కాంతం పెద్ద శత్రువు. ఫోను స్పీకరు, బ్యాగు గుండీ, ఫ్రిజ్ తలుపు అన్నిట్లో అది ఉంది. సన్న స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే వాచీ రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. దగ్గర దిక్సూచి పెట్టి చూడండి. ముల్లు కదిలితే అదే రోగం. మెకానిక్ ఒక్క నిమిషంలో దాన్ని వదలగొడతాడు. సర్వీసింగుకు పెద్ద బిల్లు రాస్తే మాత్రం లేచి వచ్చేయండి.

ఇంత చేసీ సమయం సరిగ్గా చూపుతుందా? స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న వాచీకి కూడా రోజుకు నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు తేడా ఒప్పుకుంటారు. సంతలో మూడొందలకు దొరికే బ్యాటరీ వాచీ దీన్ని ఓడిస్తుంది. అందులోని క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు వణుకుతుంది మరి. కాబట్టి టైము కోసమైతే మెకానికల్ వాచీ కొనకండి. నేను కొన్నది నాయిన వాచీ పక్కన నాదొకటి ఉండాలని. కొంత గొప్పకూ కొన్నాననుకోండి.

నా వాచీ ఆటోమేటిక్. లోపల అర్ధచంద్రంలాంటి బరువు చెయ్యి ఊగినప్పుడల్లా తిరిగి చావి ఇచ్చుకుంటుంది. బోర్డు మీద రాస్తున్న రోజుల్లో కొని ఉంటే ఎప్పుడూ ఆగేది కాదు. రిటైరయ్యాక కుర్చీలో కూర్చునే నా చేతికి రెండు రోజుల్లో ఆగిపోతోంది. నేనెంత కదులుతున్నానో డాక్టరుకంటే ముందు అదే చెబుతోంది.

కొనేవాళ్లు చాచా మాట వినాలి. "ముందుగాల ఇప్పేటోన్ని సూసుకోండ్రి, ఎనుక వాచీని సూడుండ్రి." ఐదు నుంచి పదేళ్లకోసారి పూర్తిగా విప్పి, కడిగి, కొత్త నూనె వేయాలి. పాత నూనె జిగురైపోతే ఇరుసులు అరుగుతాయి. ఆ ఖర్చు కొన్నరోజే మనసులో కలుపుకోవాలి. ధర రెండు లక్షలు దాటితే పాన్ నంబరు అడుగుతారు, అంత మొత్తం నగదుగా ఇవ్వకూడదు. పది లక్షలు దాటిన చేతి గడియారాల మీద 2025 ఏప్రిల్ నుంచి ఒక శాతం పన్ను అమ్మేవాడే వసూలు చేసి మీ లెక్కలో జమ కడతాడు.

పాత వాచీలు కొనేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఎర్ర డయలు, నెమలిపింఛం రంగు డయలు మెరుస్తున్న 'కొత్త' హెచ్‌ఎంటీలు బోలెడు దొరుకుతున్నాయి. చాలావాటికి డయలు ఈమధ్య వేసిన రంగే, లోపలి సామాను పది వాచీల ముక్కలు. అక్షరాలు లావుగా, అంచులు పులిమినట్టు ఉంటే వదిలేయండి. డయలు కాస్త పసుపెక్కి, మూలన మచ్చ ఉన్న జనతాయే అసలుది. మా నాయిన వాచీ మీద మూడు గంటల దగ్గర అలాంటి మచ్చ ఉంది. దాన్ని తుడవాలా అని అడిగితే చాచా నన్ను కోపంగా చూశాడు.

పోయిన నెల జనతాను మళ్లీ తీసుకెళ్లాను. చాచాకు కళ్లు మసకబారాయి. లూపు పెట్టుకున్నా ఇప్పుడు చెవితోనే ఎక్కువ పని చేస్తున్నాడు. కొడుకు పక్కనే ఫోన్ల అద్దాలు మారుస్తాడు, వాచీల జోలికి రాడు. మూత బిగించి, చావి ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. మంచిగుందన్నట్టు తలూపాడు. 2028లో కృష్ణకు మళ్లీ పుష్కరాలొస్తాయి చాచా అన్నాను.

"గప్పుడు దీన్ని ఇంట్ల పెట్టి రాండ్రి సారూ" అన్నాడు.