అంగన్‌వాడీ ముంగిట వైకల్యము గల శిశువు

ఏదైన నొక పల్లెలోని అంగన్‌వాడీ కేంద్రమునకు పోయి, 'ఇచ్చట నడక రాని బిడ్డ గాని, చెవి వినబడని బిడ్డ గాని కలదా?' యని అడిగినచో, 'మా ఊరిలో అట్టివారు లేరు' అను సమాధానము వచ్చుట కలదు. అది అబద్ధము కాకపోవచ్చును. కేంద్రమునకు వచ్చువారిలో అట్టి బిడ్డ లేదు, హాజరుపట్టీలోను లేదు. కాని నాలుగిండ్లు దాటి పోయినచో లోపలి అర్రలో, మంచము ప్రక్కన పరచిన బొంతమీద ఆ బిడ్డ కనబడును. తల్లి కూలికి పోయినది. ముసలి అవ్వ కాపలా ఉన్నది. ఆ బిడ్డను ఇంటి గడప దాటించి కేంద్రపు గడప ఎక్కించుట యెట్లు? ఎక్కించిన పిదప చేయవలసిన దేమి? ఈ విషయమునే నేడు ముచ్చటింపదలచితిమి.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలైనవి. అంతకు ముందు మూడును పాలమూరు జిల్లాలోనివే. అంగన్‌వాడీల చరిత్ర ఇంకను పాతది. 1975 అక్టోబరు 2న దేశమునందు 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలైనది. ముంగిలి అను అర్థము గల హిందీ మాటనుండి దీనికి పేరు వచ్చినది. ముంగిలి యనగా ఇంటిల్లిపాదియు మసలు చోటు గదా. అచ్చటికి రాకూడని బిడ్డ యొకడుండునా?

వైకల్యము విషయమున మనవారు తరచుగా చేయు పని వేచి చూచుట. 'వాని తాతకును మాట ఆలస్యముగనే వచ్చినది' అందురు. 'అయిదేండ్లు నిండనిండు, నడుచును' అందురు. ఈ ఓదార్పు మాటలు ప్రేమతో చెప్పునవే. అయినను బిడ్డకు వానివలన కలుగు నష్టము పెద్దది. మెదడు మిక్కిలి వేగముగా పెరుగునది మొదటి మూడేండ్లలోనే. పుట్టుచెవుడు గల శిశువును మొదటి నెలలోనే పరీక్షించి, మూడవ నెలకు నిర్ధారించి, ఆరవ నెలకెల్ల వినికిడి సాధనమును శిక్షణను ఆరంభింపవలెనని వైద్యుల మతము. చెవిలో మాట పడనిదే నోట మాట రాదు. మూగవాడని మనము పిలుచువారిలో పెక్కుమంది నోటికి ఏ లోపమును లేదు, చెవికే కలదు. పుట్టుకతో లోనికి తిరిగిన పాదమును తొలి వారములలోనే సవరింప మొదలిడినచో, వారమునకొక కట్టు చొప్పున సాధారణముగా అయిదారు కట్లతో చక్కబడును. తరువాత నాలుగేండ్ల వయస్సు వరకు రాత్రులందు ప్రత్యేకమైన జోడు తొడుగవలెను. ఆ జోడును మధ్యలో మానివేసినచో పాదము మరల వంకరపోవును. రెండు కన్నులందును పుట్టుశుక్లము గల శిశువునకు కొన్ని వారముల ఆలస్యమే చూపును శాశ్వతముగా మందగింపజేయవచ్చును.

మరి ఆలస్యమును గుర్తించుట యెట్లు? దీనికి యంత్రములు అక్కరలేదు, కన్నున్న చాలును. రెండు నెలలకు శిశువు తల్లి ముఖము చూచి నవ్వవలెను. నాలుగు నెలలకు మెడ నిలువవలెను. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆధారము లేక కూర్చుండవలెను. ఏడాదికి పేరు పిలిచిన తిరిగి చూచుట, ఒకటి రెండు మాటలు పలుకుట, ఏడాదిన్నరకు నడుచుట, రెండేండ్లకు రెండు మాటలు కలిపి 'అమ్మా, పాలు' అన్నట్లు చెప్పుట జరుగవలెను. కొందరు ఒక నెల ముందు, కొందరు ఒక నెల వెనుక. అంతమాత్రమున భయపడ పనిలేదు. కాని ఒకసారి వచ్చిన మాట పోయినను, ఎదుటివాని కన్నులలోనికి చూడకున్నను, ఒక చేయి మాత్రమే వాడుచు రెండవ దానిని పిడికిలి బిగించి యుంచినను, ఆ వారమే చూపింపవలెను.

చూపించుటకు ఏర్పాట్లు లేకపోలేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందము అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండు మారులు పరీక్షింపవలెను. పుట్టుకతో వచ్చిన లోపములు, పోషక లోపములు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యములు అను నాలుగు విధములను వారు చూతురు. అవసరమైనచో జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ శిశువులకై అంగన్‌వాడీలు అనుసరింపవలసిన పద్ధతిని ప్రకటించినది. వైకల్యపు సూచనలను తొలుతనే గుర్తించుట, బిడ్డను ఇతర పిల్లలతో కలుపుకొని కుటుంబమునకు ధైర్యము కల్పించుట, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎంల ద్వారా వైద్య బృందమునకు చేర్చుట దాని సారాంశము. పద్ధతి మంచిదే. అయితే కాగితముమీది పద్ధతికి చేతులు కావలెను. ఒక టీచరు, ఒక ఆయమ్మ వంట, బరువు తూచుట, లెక్కలు, ఫోనులో వివరముల నమోదు అన్నియు చేసికొనుచు, ఇరువది మందిని ఆడించుచు, కూర్చుండలేని బిడ్డకు గంటసేపు కేటాయింపవలెననిన అది సులభము కాదు. ఈ మాట చెప్పక దాటిపోవుట టీచరులకు అన్యాయము. చట్టములోను ఒక వెలితి కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది గాని, ఉచిత విద్యను హక్కుగా చెప్పినది 6 మొదలు 18 ఏండ్లవారికే. మండలములలోని భవిత కేంద్రములు సైతము ముఖ్యముగా బడియీడు పిల్లలకు ఉద్దేశించినవి. కనుక ఆరేండ్లలోపు బిడ్డకు ఊరిలోని దిక్కు అంగన్‌వాడీయే.

ఇక కేంద్రములో చేయదగిన పనులు. వీనికి డబ్బుకంటె ఓపిక ముఖ్యము. కండరములు బిగుసుకొనిన బిడ్డను పండుకొనబెట్టి బాలామృతము పోయుట ప్రమాదము. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. గోడమూలలో ఒక గంపనుంచి, చుట్టును పాతచీరలు కూరి, బిడ్డను నిటారుగ కూర్చుండబెట్టవలెను. తల వెనుకకు వ్రాలక కొంచెము ముందునకు వంగి యుండవలెను. జావను పలుచగా కాక చిక్కగా కలిపి, చిన్న చెమ్చాతో ఎదుటనుండి కొద్దికొద్దిగా పెట్టవలెను. ఒక ముద్ద మ్రింగిన పిదపనే మరియొకటి. పైనుండి పోసినచో బిడ్డ తల వెనుకకు ఎత్తును, పొలమారును. తినుట నేర్చిన బిడ్డ బరువు పెరుగును. బరువు పెరిగిన బిడ్డకు జబ్బులు తగ్గును. ఎదుగుదలకు ఈ మెట్టే మొదటిది.

నడక నేర్పుటకు రెండు వెదురు గడలు బిడ్డ నడుమెత్తున సమాంతరముగ కట్టిన చాలును. చెవి సరిగా వినబడని బిడ్డను టీచరుకు ఎదురుగ, వెలుతురు ఆమె ముఖముమీద పడు విధమున కూర్చుండబెట్టి, సైగతోను మాటతోను కలిపి చెప్పవలెను. చూపు తక్కువైన బిడ్డకు రంగుకంటె స్పర్శయే గురువు. గద్వాల చీర దేహము నూలు, అంచు పట్టు; మగ్గముకడ మిగిలిన పేలికలను ఆ బిడ్డ చేతికిచ్చినచో మెత్తనిదానికిని, నునుపైనదానికిని, జరీ గరుకునకును భేదము తానే కనుగొనును. నేతగాండ్రున్న ఊళ్ళలో ఇంతకంటె చవుకైన ఆటవస్తువు దొరుకదు. చింతపిక్కలు మాత్రము ముక్కులో చెవిలో దూర్చుకొను వయస్సువారికి ఈయరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు వలస. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టుటకు దేశమంతట తిరిగిన సంగతి లోకవిదితము. తల్లిదండ్రులు పనులకు తరలినప్పుడు బిడ్డయు తరలును. వారమునకొకసారి సాగవలసిన చికిత్స ఆగిపోవును. పోవునప్పుడు మాతాశిశు సంరక్షణ కార్డును, వైద్యుని చీటీలను వెంట తీసికొనవలెను. పోషణ్ ట్రాకర్‌లో బిడ్డ పేరును క్రొత్త చోటి కేంద్రమునకు మార్పించుకొను వీలు కలదు. పోకముందే టీచరుకు చెప్పవలెను. నల్లమలలోని చెంచుపెంటలవారికి దూరమే అడ్డంకి. బస్సు రాని చోటికి బృందమే పోవలెను గాని, వారిని రమ్మనుట పని జరుగకుండుటకే. కొంత మేలు జరిగినది: 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వెనుకటి రోజులలో కర్నూలుకో, హైదరాబాదుకో పరుగెత్తవలసి యుండెడిది.

కుటుంబముల మాట. వైకల్యము తల్లి పాపమని నిందించుట ఇంకను పోలేదు. దగ్గరి మేనరికములలో పుట్టుచెవుడు వంటి కొన్ని లోపములు కలుగు అవకాశము హెచ్చు అనుట నిజము. దానిలో తండ్రి వంతు తల్లి వంతుతో సమానమే. కాన్పు సమయమున ప్రాణవాయువు అందకపోవుట, నెలలు నిండక పుట్టుట, పచ్చకామెర్లు ముదురుట ఇతర కారణములలో కొన్ని. అలంపురము పోయి జోగులాంబకు మ్రొక్కు చెల్లించుకొనిన ఎవరికి అభ్యంతరము? తిరుగుదారిలో ఆస్పత్రి గడపయు తొక్కవలెనని మాత్రము మా మనవి. బిడ్డను వైకల్యముతో కలిపి 'కుంటోడు', 'చెవిటిది' అని పిలుచుట పెద్దలు మానినచో పిల్లలు తామే మానుదురు.

ఈ ప్రసంగము వినువారి ఇంట అట్టి బిడ్డ లేకపోవచ్చును, ప్రక్కింట ఉండవచ్చును. వైద్య బృందము వచ్చు తేదీ అంగన్‌వాడీ టీచరుకు తెలియును. ఆ తేదీ ముందుగ కనుగొని ఆ తల్లికి చెప్పుడు. ఆమె ఆనాటి కూలి వదలుకొనలేనిచో, కార్డు తీసికొని బిడ్డను మీరే ఎత్తుకొని పొండు.