పొదుగువాపు నివారణ: చన్నుల మందును పరీక్షించుట యెట్లు?

పొదుగువాపు వ్యాధి పాడిరైతుకు ఎంతటి నష్టము కలిగించునో పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. పొదుగు గట్టిపడి, పాలు విరిగిన పశువు ఇంటికి బరువగును. పైకి కనుపింపకయే పాల దిగుబడిని తగ్గించు వ్యాధి మరింత మోసకరమైనది.

వ్యాధికారకములైన క్రిములు చన్ను కొనయందలి సన్నని రంధ్రము గుండ లోనికి పోవును. పాలు పితికిన పిదప ఆ రంధ్రము చక్కగ మూసికొనుటకు సుమారు అరగంట మొదలు గంట వరకు పట్టును. పితికెడు చేతుల వలనను, తుడిచెడు గుడ్డ వలనను ఒక పశువునుండి మరొకదానికి అంటిన క్రిములు అప్పటికి చన్నుపైననే యుండును. కావున పితికిన వెంటనే ప్రతి చన్నును క్రిమిసంహారక ద్రావకమున ముంచవలెను. 1960 దశకమున ఇంగ్లండులోని రెడింగు చెంతనున్న జాతీయ పాడిపరిశ్రమ పరిశోధన సంస్థవారు ఈ పద్ధతిని పశువుల మందలలో పరీక్షించి, దాని ప్రయోజనమును నిరూపించిరి.

అయోడిను, క్లోర్‌హెక్సిడిను మున్నగువానితో చేసిన మందులు పెక్కు కలవు. వీని గుణమును తేల్చుటకు ఒకే ఆవునకు రెండు చన్నులను మందులో ముంచి, తక్కిన రెంటిని విడిచిపెట్టుదురు. మేత, కొట్టము, పితికెడు చేయి ఒకటే గనుక, తేడా మందు వలననే కలిగినదని యెంచవచ్చును. ప్రతి చన్ను పాలను వేరుగ పరీక్షించి, క్రొత్తగ వ్యాధి సోకినవానిని లెక్కింతురు. మందు వలన చర్మము పగిలినదా యనియు చూతురు. పగుళ్లలో క్రిములు నిలుచును. ఒకటి రెండు ఆవులను చూచి తీర్పు చెప్పరాదు; పెక్కు పశువులను నెలల తరబడి గమనింపవలెను. శీఘ్రముగ ఫలితము తేలుటకు పరిశోధకులు చన్నులకు క్రిములను అంటించి చూచుటయు కలదు. అది గ్రామములలో చేయదగినది కాదు.

మంచి మందు ఒక చన్నునుండి మరొకదానికి అంటుకొను క్రిముల వలని క్రొత్త వ్యాధిని సగమునకు పైగా తగ్గింపగలదు. కాని లోన పాతుకొన్న వ్యాధిని అది నయము చేయదు. పేడలోను బురదలోను ఉండి, పితుకుటల నడుమ సోకు క్రిములపై దాని ప్రభావము స్వల్పము. కొట్టపు శుభ్రతకు బదులు మందు లేదు.

కావున గ్రామమున పాడిరైతులందరి కొరకు మందు కొనుటకు ముందు సభ్యులు అమ్మకందారును అడుగవలసినవి మూడు: ఏ క్రిములపై పరీక్షించిరి? ఎన్ని పశువులపై? మందు వేయని చన్నులతో పోల్చిరా? సమాధానములను పశువైద్యునకు చూపి, ఆయన సలహా తీసికొనవలెను.

వాడుకలో జాగ్రత్తలు ఇవి. మందును చెప్పిన పాళముననే కలుపవలెను. పేడ, పాలు కలిసిన మందు బలము తగ్గును గనుక దానిని పారబోయవలెను. మరుసటి పూట పితుకుటకు ముందు చన్నులను కడిగి తుడువవలెను. వ్యాధి సోకిన పశువును చివర పితుకవలెను. పితికిన వెంటనే మేత వేసినచో పశువు నిలిచియుండును. రంధ్రము మూసికొనులోపల నేలను పండుకొనదు. ఈ చివరి జాగ్రత్తకు కాసు ఖర్చు లేదు. నేటి సాయంత్రమే ప్రతి యింటను ఆరంభింపవచ్చును.